అద్దె ఇంటి బొమ్మ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కట్టలేనివాడి సంగతి మాత్రం వారు చెప్పలేదు. నెల తిరిగేసరికి అద్దె చేతిలో పెట్టి, ఇంటివారి ముఖం ఎలా వుందో చూసుకుంటూ కాలం గడిపేవాడికి ఇల్లంటే ఎంత ఆశో, అనుభవించినవాడికే తెలుస్తుంది. అటువంటివాడు అద్దె కొంపకు సొంత డబ్బుతో సున్నం కొట్టించి, తలుపులకు రంగు వేయిస్తే ఇరుగుపొరుగు నవ్వుతారు. “ఎవరి సొమ్ము ఎవరికి పోస్తున్నావయ్యా?” అని అడుగుతారు.

1888లో దక్షిణ ఫ్రాన్సులోని ఆర్ల్ అనే ఊళ్ళో ముప్ఫై అయిదేళ్ళ బ్రహ్మచారి ఒకడు సరిగ్గా ఈ పనే చేశాడు. అంతటితో ఊరుకోక, వీధిలో నిలబడి ఆ ఇంటిని నూనెరంగులతో బొమ్మ కూడా వేశాడు. ఆయన పేరు విన్సెంట్ వాన్ గో. ఆ బొమ్మ పేరు “పసుపుపచ్చ ఇల్లు”. “వీధి” అని కూడా అంటారు. వెడల్పు మూడడుగులు, ఎత్తు రెండడుగుల పైచిలుకు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఇంటివాడూ లేడు. బొమ్మ మాత్రం హాలెండులో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో, చిత్రకారుడి పేరు పెట్టిన మ్యూజియంలో గోడమీద వుంది. కొనేవాడే లేని బొమ్మ వెలకట్టలేని బొమ్మ ఎలా అయింది? ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వచ్చింది? ఆ కథలో రాజులు లేరు, జమీందారులు లేరు. ఒక అన్నా తమ్ముడూ, తమ్ముడి భార్యా, ఆమె కొడుకూ వున్నారు. అది సంసారుల కథ. అందుకనే చెప్పుకోవడానికి బాగుంటుంది.

నాలుగు గదులు, పదిహేను ఫ్రాంకులు

వాన్ గో డచ్చివాడు. చర్చిలో బోధకుడి కొడుకు. బొమ్మల దుకాణంలో గుమాస్తాగిరీ, బడిపంతులు పనీ, మతప్రచారమూ అన్నీ ప్రయత్నించి, ఏదీ నిలవక, ఇరవయ్యేడో ఏట కుంచె పట్టుకున్నాడు. తమ్ముడు థియో పారిస్‌లో చిత్రాలు అమ్మే కంపెనీలో ఉద్యోగి. అన్నకు నెలనెలా డబ్బు పంపేవాడు. ఊరికే తీసుకోవడం అన్నకు ఇష్టం లేదు. అంచేత ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. తమ్ముడు డబ్బు పంపాలి, అన్న వేసే బొమ్మలు తమ్ముడివి కావాలి. 1884 నుంచీ నడిచిన ఏర్పాటు ఇది. కాగితం మీది లెక్క ప్రకారం చూస్తే, మన పసుపుపచ్చ ఇంటి బొమ్మకు మొదటి యజమాని వేసినవాడు కాదు, థియోయే.

1888 ఫిబ్రవరిలో వాన్ గో ఆర్ల్ చేరాడు. మే 1వ తేదీన రైల్వేస్టేషనుకు దగ్గరలో, ప్లాస్ లమార్తీన్ అనే చౌకు మూలన 2వ నెంబరు ఇంట్లో కుడివైపు భాగం అద్దెకు తీసుకున్నాడు. కింద రెండు గదులు, పైన రెండు చిన్న గదులు. అద్దె నెలకు 15 ఫ్రాంకులు. ఎడమవైపు భాగంలో ఒక కిరాణా కొట్టు. చాలాకాలంగా పాడుపెట్టిన ఇల్లు కావడంతో అద్దె చౌకగా దొరికింది.

అందులో పడుకోవడానికి మంచం లేదు. అంచేత రాత్రి దగ్గరి హోటల్లో పడక, పగలు ఈ ఇంట్లో పని. ఇలా సెప్టెంబరు దాకా గడిచింది. ఇంతలో ఇంటికి లోపలా బయటా రంగులు వేయించాడు. బయట ఆవువెన్నలాంటి పసుపు, కిటికీ తలుపులకు పచ్చరంగు, లోపల తెల్లసున్నం, నేలమీద ఎర్ర ఇటుకలు. ఈ వైభవాన్ని చెల్లెలికి ఉత్తరంలో వర్ణించి వర్ణించి రాశాడు. కొత్తగా ఇల్లు కొన్నవాడు బంధువులకు రాసే ఉత్తరం ఎలా వుంటుందో అలా వుంటుంది అది.

ఆ ఏడాదే వాన్ గోల పినతండ్రి ఒకాయన పోయాడు. ఆయన ఆస్తిలో కొంత థియోకు వచ్చింది. దానిలోంచి థియో 300 ఫ్రాంకులు ఒక్కసారిగా అన్నకు పంపాడు. మన లెక్కలో అది ఇరవై నెలల అద్దె. ఆ డబ్బుతో విన్సెంట్ రెండు మంచాలు కొన్నాడు. వచ్చే అతిథికి వాల్‌నట్ కర్ర మంచం, తనకు మామూలు చౌకరకం కలప మంచం. అద్దం ఒకటి కొన్నాడు. కుర్చీలు పన్నెండు కొన్నాడు!

ఒక్క మనిషికి పన్నెండు కుర్చీలు ఎందుకని అడగవచ్చు. ఆ ఇంటిని అతడు ఒక్కడి ఇల్లుగా ఎన్నడూ అనుకోలేదు. పారిస్‌లో పస్తులుంటున్న చిత్రకారులు ఇక్కడికి వచ్చి కలిసి పనిచేయాలి, కలిసి తినాలి, ఒకరి తప్పులు ఒకరు దిద్దుకోవాలి అని అతడి కోరిక. ముందుగా పోల్ గోగాఁ అనే చిత్రకారుడిని రమ్మని రాశాడు. ఆయన గదిలో తగిలించడానికి పొద్దుతిరుగుడు పువ్వుల బొమ్మలు వేశాడు. ఈనాడు లోకమంతా ఎరిగిన ఆ పువ్వులు అతిథి గదికి అలంకారంగా వేసినవి. ఇంటికి చుట్టం వస్తాడంటే మనం మామిడాకులు కట్టినట్టే.

బొమ్మలో ఏముంది?

సెప్టెంబరు నెల ఆఖరుకు అతడు ఈజిల్ తీసుకుని వీధిలోకి వచ్చి ఆ ఇంటిని చిత్రించాడు. చూడగానే మన కంటికి తట్టేవి రెండే రంగులు: పైన ముదురు నీలపు ఆకాశం, కింద పసుపు. ఇల్లు పసుపు, వీధి పసుపు, పక్కిళ్ళూ పసుపే. మండుటెండలో ఆ నీలమూ ఈ పసుపూ ఒకదాన్నొకటి రెచ్చగొడుతున్నట్టుంటాయి.

ఇంటి మేడమీద రెండు కిటికీలున్నాయి. మూలగది అతిథిది. దాని పక్కది విన్సెంట్‌ది. ఎడమవైపు చెట్టు నీడలో గులాబిరంగు భవనం ఆయన రోజూ భోజనం చేసే పూటకూళ్ళ ఇల్లు. కుడివైపు వీధి దూరంగా పోతుంది. దాని చివర రెండు రైలు వంతెనలు, ఒక వంతెనమీద పొగ విడుస్తూ పోతున్న బండి. ఆ వంతెనల నడుమ తన మిత్రుడైన తపాలా ఉద్యోగి కాపురం వున్నాడని థియోకు రాశాడు. ఆ మిత్రుడే రూలాఁ. పెద్ద గడ్డంతో, నీలపు యూనిఫారంతో ఆయన బొమ్మలు కూడా ఇప్పుడు ప్రసిద్ధాలు. వీధి పొడుగునా తవ్విపోసిన మట్టి కుప్పలున్నాయి. గ్యాసు గొట్టాలు వేయడానికి తవ్వినవి కావచ్చునంటారు. మరుసటి నెలలో వాన్ గో తన ఇంట్లో గ్యాసు దీపాలు పెట్టించిన మాట నిజం.

ఇందులో కోటలు లేవు, శిథిలాలు లేవు. ఆర్ల్‌లో రోమన్ల కాలపు రంగస్థలం వుంది, చూడడానికి దేశదేశాలవారు వస్తారు. వాన్ గో దాన్ని వదిలి కిరాణా కొట్టు పక్కనున్న తన వాటాను ఎన్నుకున్నాడు. మిల్యే అనే సైనికోద్యోగి మిత్రుడు ఈ బొమ్మ చూచి మొహం చిట్లించాడట. మామూలు కిరాణా కొట్టునూ, అందం చందం లేని చదరపు ఇళ్ళనూ వేయడంలో ఏం సంతోషం వుందో తనకు బోధపడలేదన్నాడట. విన్సెంట్ చిన్నబుచ్చుకోలేదు. జోలా, ఫ్లోబేర్ లాంటి నవలాకారులు మామూలు వీధుల్ని వర్ణించలేదా, అవి సాహిత్యం కాలేదా అని తమ్ముడికి రాసుకున్నాడు.

అతడి సమాధానం నాకు ఎంతో సబబుగా కనిపిస్తుంది. ఆ బొమ్మలో వున్నవన్నీ చూడండి. భోజనం చేసే చోటు, పడుకునే చోటు, స్నేహితుడి ఇల్లు, తమ్ముడి దగ్గరనుంచి ఉత్తరాలూ డబ్బూ తెచ్చే రైలు. ఒక మనిషి బ్రతుకంతా ఆ వీధి మలుపులో వుంది.

తొమ్మిది వారాల కాపురం

అక్టోబరు 23న గోగాఁ వచ్చాడు. తొమ్మిది వారాలు ఇద్దరూ కలిసి వున్నారు. డబ్బాల్లో ఇంటి ఖర్చు విడివిడిగా పెట్టుకుని లెక్క రాసుకున్నారు. గోగాఁ వంట చేసేవాడు. పనీ సాగింది, వాదాలూ సాగాయి. ఇద్దరివీ నిప్పులాంటి స్వభావాలు. డిసెంబరు 23 రాత్రి విన్సెంట్‌కు మతి చలించి తన చెవి తానే కోసుకున్నాడు. ఈ సంగతి అందరికీ తెలిసిందే కనుక విస్తరించను. గోగాఁ వెళ్ళిపోయాడు. విన్సెంట్ ఆసుపత్రి పాలయ్యాడు.

అందరికీ తెలియనిది తరువాతి సంగతి. జనవరి మొదటి వారంలో ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి ఒక వార్త ఎదురయింది. తను లేని సమయంలో ఇంటి యజమాని మరొక పొగాకు వ్యాపారితో ఒప్పందం కుదుర్చుకున్నాడు, తనను ఖాళీ చేయించి ఆయనకు ఇవ్వడానికి! పాడుపడ్డ కొంపకు రంగులు వేయించి, దీపాలు పెట్టించి, నలుగురూ చూచేలా చేసినవాడికి దక్కిన ఫలితం అది. పట్నాల్లో అద్దె ఇళ్ళల్లో కాపురాలు చేసే పాఠకులకు ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ కనిపించకపోవచ్చు.

తరువాత మళ్ళీ జబ్బు చేసింది. ఈ పిచ్చివాడిని ఇక్కడ వుండనివ్వవద్దంటూ ముప్ఫై మంది ఇరుగుపొరుగు వారు ఊరి అధికారికి మహజరు పెట్టుకున్నారు. పోలీసులు వచ్చి పసుపుపచ్చ ఇంటికి సీలు వేశారు. అతడు ఆసుపత్రిలో వున్న రోజుల్లో ఇల్లు తేమ పట్టి, గోడలు చెమర్చి, లోపలున్న కొన్ని బొమ్మలు పాడయ్యాయి. 1889 మే 8న అతడు తనంతట తానే సెయింట్ రెమీలోని మానసిక చికిత్సాలయానికి వెళ్ళాడు. పన్నెండు కుర్చీల కల అక్కడితో సరి.

మరుసటి సంవత్సరం జూలై 29న, పారిస్ దగ్గర ఓవేర్ గ్రామంలో, తనను తాను తుపాకితో కాల్చుకున్న గాయంతో విన్సెంట్ చనిపోయాడు. వయస్సు ముప్ఫై ఏడు. ఆరు నెలలు తిరగకుండానే 1891 జనవరి 25న తమ్ముడు థియో కూడా పోయాడు.

ఇరవయ్యెనిమిదేళ్ళ వితంతువు

ఇక్కడ మన కథలోకి యొహన్నా వస్తుంది. ఇంట్లో ముద్దుగా “యో” అని పిలిచేవారు. పెళ్ళికి ముందు ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పేది. 1889 ఏప్రిల్‌లో థియోతో వివాహం జరిగింది. రెండేళ్ళయినా నిండని కాపురం. భర్త పోయేనాటికి ఆమెకు ఇరవయ్యెనిమిదేళ్ళు. చేతిలో మగబిడ్డ, ఇంకా ఆరు రోజులకు గాని ఏడాది నిండదు. పెదనాన్న పేరే పెట్టుకున్నారు: విన్సెంట్ విలెమ్.

ఆ బిడ్డకూ ఆమెకూ థియో వదిలిపోయిన ఆస్తి ఏమిటి? పారిస్‌లో ఒక అద్దె వాటా, దానినిండా బొమ్మలు. మంచం కింద, సోఫా కింద, బీరువాల కింద, ఫ్రేములు లేని కాన్వాసులు గుట్టలు గుట్టలుగా వుండేవని ఆమే తరువాత రాసింది. ఆ గుట్టల్లోనే మన పసుపుపచ్చ ఇల్లు కూడా వుంది. వాటి వెల ఎంత? విన్సెంట్ బ్రతికుండగా బజారులో ఒక బొమ్మ 400 ఫ్రాంకులకు అమ్ముడుపోయింది. అది ఒక ద్రాక్షతోట చిత్రం. కొన్నది కూడా తోటి చిత్రకారిణి ఒకామె. అంటే ఈ గుట్టలకు బజారులో వెల లేదనే అనుకోవాలి. వదిలించుకోమని సలహా ఇచ్చినవారూ వున్నారు.

యొహన్నా వదిలించుకోలేదు. హాలెండుకు తిరిగివచ్చి, ఆమ్‌స్టర్‌డామ్‌కు దగ్గరలో బుస్సమ్ అనే ఊళ్ళో ఇల్లు తీసుకుని, పూటకూళ్ళు పెట్టి, అద్దెకు గదులిచ్చి బిడ్డను పెంచింది. తీరిక దొరికినప్పుడు అనువాదాలు చేసి నాలుగు డబ్బులు సంపాదించింది. ఆ ఇంటి గోడలనిండా బావగారి బొమ్మలే. “బంగాళాదుంపలు తినేవారు” అనే పెద్ద చిత్రం చలికాగే పొయ్యి పైని గోడకు వేళ్ళాడేది.

బిడ్డను పెంచడం ఒకటే కాదు, థియో తనకు మరొక పని కూడా అప్పగించిపోయాడు, విన్సెంట్ బొమ్మలు నలుగురూ చూచి మెచ్చుకొనేలా చేయాలి అని ఆమె డైరీలో రాసుకుంది. రాత్రిళ్ళు అన్నదమ్ముల ఉత్తరాలు చదివేది. మొదట భర్తను తలుచుకోవడానికి చదివింది. చదవగా చదవగా బావగారు అర్థమయ్యారు. ఈ ఉత్తరాలు చదివినవారికి ఆ బొమ్మలు కూడా అర్థమవుతాయని గ్రహించింది. ఇరవయ్యేళ్ళకు పైగా ఓపికగా వరుసలు కుదిర్చి, తేదీలు తేల్చి, 1914లో ఆ ఉత్తరాలు అచ్చువేయించింది. ఆ సంవత్సరమే థియో అస్థికలను ఓవేర్‌కు తరలించి అన్న సమాధి పక్కనే ఉంచింది.

ఆమె కళాపండితురాలు కాదు. చిత్రలేఖనం నేర్చుకున్నది కాదు. ఈమెకేం తెలుసునని మొదట్లో పెద్దమనుషులు చప్పరించారు. ఆమె వారితో వాదానికి దిగలేదు. ప్రదర్శనల వెంట ప్రదర్శనలు ఏర్పాటు చేసింది. 1905లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో గదులు అద్దెకు తీసుకుని 480కి పైగా బొమ్మలూ రేఖాచిత్రాలూ ఒక్కచోట చూపించింది. లోకం నోరు తెరచింది.

అమ్మినవీ, అమ్మనివీ

యొహన్నా ఒక్కటీ అమ్మలేదని అనుకోకూడదు. ఆమె బ్రతికినన్నాళ్ళలో చిత్రాలూ రేఖాచిత్రాలూ కలిపి దాదాపు 250 అమ్మింది. అమ్మిన ప్రతిదీ పద్దు పుస్తకంలో రాసుకుంది. అదే పుస్తకంలో భార్యాభర్తల ఇంటి ఖర్చులు కూడా వున్నాయి. వంటింటి పద్దుల పక్కనే వాన్ గో చిత్రాల పద్దులు!

అమ్మడంలో ఆమెకు రెండు లెక్కలుండేవి. బిడ్డ చదువుకూ ఇంటి ఖర్చుకూ డబ్బు కావాలి, అది ఒకటి. మంచి చిత్రం పెద్ద మ్యూజియంలో చేరితే పదిమందీ చూస్తారు, అది రెండవది. 1897లో డాక్టర్ గషే అనే వైద్యుడి చిత్రాన్ని 300 ఫ్రాంకులకు ఇచ్చింది. విన్సెంట్ మంచాలకూ కుర్చీలకూ థియో పంపిన మొత్తం ఎంతో సరిగ్గా అంతే. ఆ చిత్రమే 1990లో న్యూయార్కు వేలంలో 8 కోట్ల 25 లక్షల డాలర్లకు పోయింది. అప్పటికి ప్రపంచంలో ఏ చిత్రానికీ వేలంలో అంత ధర పలకలేదు.

ఇది చదివి “అయ్యో, తొందరపడిందే!” అనుకునేవారు ఒక్క సంగతి గమనించాలి. ఆమె మొదట్లో చౌకగా కొన్ని అమ్మి, వాటిని నాలుగు ఊళ్ళలో నలుగురికంట పడనివ్వకపోతే, మిగిలినవాటికి వెల ఎక్కడినుంచి వస్తుంది? విత్తనాలన్నీ గాదెలోనే దాచుకుంటే పంట పండదు.

చివరి రోజుల్లో, 1924లో, లండన్‌లోని జాతీయ చిత్రశాలవారు పొద్దుతిరుగుడు పువ్వులు కావాలన్నారు. పసుపుపచ్చ ఇంటి అతిథి గదికోసం వేసిన పువ్వులే అవి. ముప్ఫై ఏళ్ళకుపైగా రోజూ కళ్ళారా చూసుకున్న బొమ్మ, ఇవ్వనని ముందు రాసింది. తరువాత మనసు మార్చుకుని ఇచ్చింది. విన్సెంట్ కీర్తికోసం చేస్తున్న త్యాగం ఇది అని వారికి రాసింది. మరుసటి సంవత్సరం, 1925 సెప్టెంబరు 2న, ఆమె కన్నుమూసింది.

పువ్వుల్ని ఇచ్చింది గాని, ఇంటిని ఇవ్వలేదు. పసుపుపచ్చ ఇంటి బొమ్మ కడదాకా ఆమె దగ్గరే వుంది.

పడకగది మూడు దేశాల పాలయింది

అది ఎంత అదృష్టమో తెలియాలంటే, అదే ఇంటి పడకగది బొమ్మ కథ వినాలి. 1888 అక్టోబరులో విన్సెంట్ తన పడకగదిని చిత్రించాడు. ఒక మంచం, రెండు కుర్చీలు, ఒక బల్ల, గోడకు బొమ్మలు. చూస్తేనే నిద్ర వచ్చేంత ప్రశాంతంగా వుండాలని అతడి కోరిక. గోడలకు లేత ఊదారంగు వేశాడు. ఆ రంగులోని ఎరుపు కాలక్రమాన వెలిసిపోయి, మనకు ఇవాళ నీలంగా కనిపిస్తుంది.

ఆ బొమ్మ ఇంటి తేమకు దెబ్బతింది. తమ్ముడి సలహామీద 1889 సెప్టెంబరులో, చికిత్సాలయంలో కూర్చుని అదే కొలతలో రెండోసారి వేశాడు. ఆ నెలలోనే తల్లికీ చెల్లెలికీ ఇవ్వడానికి చిన్నదిగా మూడోది వేశాడు. తను పోగొట్టుకున్న ఇంటిని మనసులో మళ్ళీ మళ్ళీ తుడిచి సర్దుకున్నాడు కాబోలు!

మొదటిది కుటుంబంలోనే నిలిచి ఆమ్‌స్టర్‌డామ్‌లో వుంది. రెండవది చేతులు మారి అమెరికా చేరింది. చికాగోలో బార్ట్‌లెట్ అనే ధనికుడు చనిపోయిన తన భార్య జ్ఞాపకార్థం 1926లో అక్కడి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు కానుకగా ఇచ్చాడు.

మూడవదాని కథ మరీ విచిత్రం. తల్లికోసం వేసిన ఆ చిన్న బొమ్మ కొన్నేళ్ళకు జపాను ఓడల కంపెనీ అధిపతి మత్సుకాత కోజిరో చేతికి వచ్చింది. ఆయన తన దేశప్రజలకోసం టోకియోలో ఒక చిత్రశాల కట్టాలని యూరపులో వందలకొద్దీ చిత్రాలు కొన్నాడు. 1927 ఆర్థిక సంక్షోభంలో కంపెనీ కుదేలయింది. లండన్ గిడ్డంగిలో వున్నవి 1939లో అగ్నికి ఆహుతయ్యాయి. పారిస్‌లో దాచినవాటిని రెండవ ప్రపంచయుద్ధం చివర, జపాను శత్రుదేశమని చెప్పి, ఫ్రెంచి ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1959లో 370కి పైగా చిత్రాలూ శిల్పాలూ జపానుకు తిరిగి ఇచ్చారు. వాటికోసం టోకియోలో పాశ్చాత్య కళల జాతీయ మ్యూజియం వెలిసింది. అయితే మేలైనవి కొన్ని ఫ్రెంచివారు అట్టే పెట్టుకున్నారు. అందులో ఈ పడకగది ఒకటి. ఇప్పుడది పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో వుంది. తల్లికి కొడుకు ఇచ్చుకున్న బొమ్మ యుద్ధంలో శత్రువుల ఆస్తిగా జమ అయింది! 2016లో చికాగోవారు మూడింటినీ ఒక గదిలో పక్కపక్కన పెట్టి చూపించారు. ప్రదర్శన ముగియగానే మూడూ మూడు దారులు పట్టాయి.

ఇంజనీరుగారి నిర్ణయం

మళ్ళీ మన ఇంటి బొమ్మకు వద్దాం. యొహన్నా తరువాత అది ఆమె ఒక్కగానొక్క కొడుకు విన్సెంట్ విలెమ్‌కు సంక్రమించింది. ఆయన వృత్తిచేత ఇంజనీరు. ఇంట్లోనూ బయటా ఆయనను “ఇంజనీరు” అనే పిలిచేవారు. పెదనాన్న కీర్తిని తిని బ్రతకకూడదని కాబోలు, చాలాకాలం బొమ్మల విషయంలో ఎడంగా వున్నాడు. తల్లి పోయాక మాత్రం మిగిలిన బొమ్మలను చెదరనివ్వలేదు. 1930ల ఆరంభం నుంచీ వాటిని స్టెడెలిక్ మ్యూజియంలో జనం చూడడానికి ఉంచాడు. యాజమాన్యం తనది, దర్శనం అందరిది.

యుద్ధం వచ్చింది. బొమ్మలు క్షేమంగా వున్నాయి గాని, ఇంటి దీపం ఆరింది. నాజీల్ని ఎదిరించిన ఆయన పెద్దకొడుకును, తాతగారి పేరు థియో పెట్టుకున్నవాణ్ణి, 1945 మార్చిలో జర్మన్లు కాల్చి చంపారు.

యుద్ధానంతరం వాన్ గో చిత్రాల ధర ఏటేటా పెరుగుతూ వచ్చింది. ఇంజనీరుగారికి వృద్ధాప్యం వస్తోంది. తన తరువాత ఏం జరుగుతుంది? వారసులు పంచుకుంటారు, పన్నులు మీదపడతాయి, ఒక్కొక్కటే వేలానికి పోతుంది. ఇది ఆలోచించి 1962లో ఆయన ఒక మార్గం చూశాడు. విన్సెంట్ వాన్ గో ఫౌండేషన్ అనే ధర్మసంస్థ పేరిట సుమారు 200 చిత్రాలూ, వందలాది రేఖాచిత్రాలూ, ఉత్తరాలూ బదిలీ చేశాడు. ప్రభుత్వం కుటుంబానికి కోటిన్నర గిల్డర్లు ఇచ్చేలా, బొమ్మలకోసం ఒక మ్యూజియం కట్టేలా ఒప్పందం జరిగింది. కోటిన్నర పెద్ద మొత్తమే. అయితే విడివిడిగా బజారులో పెట్టివుంటే వచ్చేదాని ముందు అది చిన్నదే. సంస్థ నిర్వాహకుల్లో కుటుంబం వారికీ చోటు ఉంచారు. 1973 జూన్‌లో మ్యూజియం తలుపులు తెరిచారు. ఇంజనీరుగారు ఆ వైభవం కళ్ళారా చూచి, 1978లో కాలం చేశాడు.

ఇప్పుడు మొదటినుంచీ లెక్క చూడండి. అన్న, తమ్ముడు, తమ్ముడి భార్యాబిడ్డలు, చివరకు ధర్మసంస్థ. పసుపుపచ్చ ఇంటి బొమ్మ యాజమాన్య చరిత్ర అంతా ఇంతే. నూటపాతికేళ్ళకు మించిన ఈ ప్రయాణంలో ఆ బొమ్మ ఏనాడూ బజారుకెక్కలేదు, ఒక్క వేలంపాట వినలేదు.

ఇల్లు, మంచం

మరి అసలు ఇల్లు ఏమయింది? 1944 జూన్ 25న మిత్రపక్షాల విమానాలు ఆర్ల్ రైలు వంతెనలమీద బాంబులు వేశాయి. బొమ్మలో పొగ విడుస్తూ బండి పోతున్న వంతెనలే వాటి గురి. పక్కనే వున్న పసుపుపచ్చ ఇల్లు దెబ్బతిని, తరువాత నేలమట్టమయింది. వెనకాలి ఎత్తయిన మేడ మాత్రం నేటికీ నిలిచివుంది. ఆ చౌకులో నిలబడి బొమ్మ చేతపట్టుకుని చూస్తే ఇల్లు ఎక్కడుండేదో ఇట్టే పోల్చుకోవచ్చు.

మంచం సంగతి ఇంకా చెప్పలేదు. విన్సెంట్ పడుకున్న మంచం ఫ్రాన్సునుంచి యొహన్నాతో హాలెండు వచ్చింది. ఇంజనీరుగారి ఇంట్లో ఎన్నో ఏళ్ళు వుంది. 1945లో యుద్ధంలో సర్వమూ పోగొట్టుకున్న బాక్స్‌మేర్ అనే ఊరివారికి సామాను సాయం చేస్తూ, ఆయన ఈ మంచాన్ని కూడా ఇచ్చేశాడని మార్టిన్ బెయిలీ అనే ఆంగ్ల రచయిత 2016లో వెల్లడించాడు. లోకమంతా బొమ్మలో చూచే మంచం, ఇల్లు కాలిన ఒక సంసారికి పడక అయింది. కొడుకును పోగొట్టుకున్న సంవత్సరంలోనే ఆ తండ్రి ఈ పని చేశాడు.

మన ఇళ్ళలో పెద్దలు పోయాక అటకమీద ఏవో కట్టలు మిగులుతాయి. తాళపత్రాలు, చేతివ్రాత పుస్తకాలు, పాత ఉత్తరాలు. చదివేవారు లేక చెదలకు వదిలినవారున్నారు. పుణ్యమని గోదావరిలో కలిపినవారున్నారు. కాగితాల ధరకు తూకం వేసి ఇచ్చినవారూ వున్నారు. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఇరుకు ఇల్లు, పిల్లల చదువులు, ఎవరి బాధలు వారివి. యొహన్నాకు కూడా ఇరుకు ఇల్లే, పిల్లవాడే. ఆమె ధనవంతురాలు కాదు, పండితురాలూ కాదు. కట్ట విప్పి చదివింది. అంతే ఆమె మొదట చేసిన పని. తక్కినదంతా ఆ చదవడంలోంచే వచ్చింది.

నెలకు పదిహేను ఫ్రాంకుల అద్దె ఇల్లు విన్సెంట్‌కు నిలవలేదు. మరదలి దగ్గర మాత్రం అతడి ఇంటికి స్థిరమైన చోటు దొరికింది.